దానమా? బేరమా?

మన చేనేత సహకార సంఘములకు ఈ నడుమ ఒక క్రొత్త రకము సహాయము వచ్చుచున్నది. పెద్ద కంపెనీల వారు తమంతట తాము వచ్చి, నేతవారి పిల్లలకు పుస్తకముల సంచులు, పెద్దలకు దుప్పట్లు, కండ్లజోళ్ళు, మగ్గపు ఇండ్లకు సోలారు దీపములు ఇచ్చెదమనుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే. కాని ఇచ్చు ప్రతి వస్తువు మీదను కంపెనీ పేరు, గుర్తు ఉండవలెనట. ఇచ్చునపుడు ఫొటోలు తీయవలెనట. ఆ ఫొటోలను వారు తమ ప్రకటనలలో వాడుకొందురట. కొందరు ఇంకొక అడుగు ముందుకు వేసి, మనము నేసిన చీరల కొంగునకే తమ చీటీ కుట్టుమనుచున్నారు. ఇట్టివి పుచ్చుకొనవచ్చునా, కూడదా అని ఒడిషాలోను, తమిళనాడులోను గల సోదర సంఘముల కార్యదర్శులు కొందరు మమ్ము అడిగినారు. ఒక్కొక్కరికి వేరువేరుగా జవాబు వ్రాయుట కన్న, ఈ పత్రికాముఖముగా మా అభిప్రాయము తెలుపుట మేలని తలచితిమి.

మా అభిప్రాయమును ముందే చెప్పెదము. పేరు కొరకు ఇచ్చునది దానము కాదు, బేరము. బేరము పాపమని మేము చెప్పము. నేతవాని బ్రతుకే బేరము మీద ఉన్నది. కాని బేరమును దానమని పిలిచినపుడు ఇచ్చినవాడు తాను పుచ్చుకొన్నదానికి వెల కట్టడు. పుచ్చుకొన్నవాడు తాను ఏమి అమ్ముకొన్నాడో ఎరుగడు. కావున కంపెనీ ఏ సహాయముతో మన గుమ్మము త్రొక్కినను, మొదట తేల్చుకొనవలసిన సంగతి ఒక్కటే: ఇది దానమా, బేరమా? దానమైన యెడల దానమువలె పుచ్చుకొందము. బేరమైన యెడల బేరమువలె మాటలాడుకొందము.

పేరు వేసుకొనుట కంపెనీలు కనిపెట్టిన సంగతి కాదు. మన గుడులలో ఏ ట్యూబులైటును చూచినను దాత పేరు, ఇంటిపేరు, ఊరు, నక్షత్రము వ్రాసియుండును. ఆ అక్షరముల నడుమ నుండి వెలుతురు బయటికి వచ్చుటకు దారి వెదకుకొనవలెను. గుడి మెట్లకు, సత్రపు గదులకు, పంకాలకు, గడియారములకు దాతల పేర్లు ఉన్నవి. మన కులసంఘముల వసతిగృహములలో గోడ నిండ పాలరాతి పలకలే. ఆ పలకలు లేకున్న కొన్ని గదులు లేచియుండెడివి కావు అనుట కూడ నిజమే. ఒకని పేరు చూచి మరియొకడు ఇచ్చును. పేరు బయటనున్నవాడు ఇచ్చెదనన్నది ఇయ్యకున్న నలుగురు అడుగుదురు. కావున పేరు ప్రకటించుటే తప్పు అని గుప్తదానమును మాత్రమే మెచ్చుకొని కూర్చొనుట మా ఉద్దేశము కాదు.

ఇంతకన్న పాత సాక్ష్యము నేతవారిదే కలదు. ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని మందసోర్‌ను ఒకప్పుడు దశపురమనెడివారు. గుజరాతు ప్రాంతమైన లాటదేశము నుండి పట్టు నేతవారు కొందరు అక్కడికి వలస వెళ్ళినారు. మనవలెనే వారును స్వదేశము విడిచి పరదేశమున స్థిరపడినవారు. వారు శ్రేణిగా కూడి క్రీ.శ. 436 ప్రాంతమున అక్కడ సూర్యదేవాలయము కట్టించినారు. అది కొంత శిథిలమగుటచే 473 ప్రాంతమున తామే బాగుచేయించినారు. ఈ సంగతి అంతయు శిలాశాసనముగా వ్రాయించినారు. వత్సభట్టి అను కవి దానిని రచించెను. అందులో గుడి మాట, సూర్యుని మాటతోపాటు తాము నేసెడు పట్టు గొప్పతనమును కూడ చెప్పించుకొన్నారు. అలంకారములు ఎన్ని ఉన్నను పట్టు కట్టనిదే స్త్రీకి నిండుదనము లేదన్న భావము ఆ శాసనమున ఉన్నది. దానమునకు తోడు సరకు ప్రకటన! పదునైదు వందల యేండ్ల క్రిందట మన వృత్తివారే ఈ పని చేసియుండగా, నేటి కంపెనీలను ఏ నోటితో తప్పుపట్టుదుమని ఎవరైన అడుగవచ్చును.

అడుగవలసిన ప్రశ్నయే. కాని తేడా గమనించవలెను. ఆ నేతవారు ఇచ్చినది తమ చేతుల కష్టముతో కూడబెట్టిన సొమ్ము. గుడి కట్టుట వారి సమష్టి నిర్ణయము. పొగిడించుకొన్నది తాము నేసిన బట్టను. గుడికి వచ్చిన పేదవాని వీపు మీద వారు తమ పేరు వ్రాయలేదు. ఇచ్చిన సొమ్ము ఎవరిది, ఏమి ఇయ్యవలెనన్నది నిర్ణయించినదెవరు, పేరు దేనిమీద వేసినారు — ఈ మూడు ప్రశ్నలతోనే నేటి దానములను కూడ తూచి చూచెదము.

మొదటిది సొమ్ము ఎవరిదన్న ప్రశ్న. 2013 నాటి కంపెనీల చట్టమున 135వ సెక్షను కలదు. ఇది 2014 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినది. ఐదువందల కోట్ల రూపాయల నికర ఆస్తిగాని, వేయి కోట్ల అమ్మకముగాని, ఐదు కోట్ల నికర లాభముగాని గల కంపెనీ, గడచిన మూడు సంవత్సరముల సగటు నికర లాభములో నూటికి రెండు వంతులకు తగ్గకుండ సామాజిక కార్యములకు ఖర్చుపెట్టవలెను. దీనినే సి.ఎస్.ఆర్. సొమ్మని వాడుకగా అనుచున్నారు. ఈ సొమ్ముతో చేయదగిన పనుల పట్టిక చట్టము చివర ఏడవ షెడ్యూలులో ఉన్నది. సంప్రదాయ కళల, చేతిపనుల అభివృద్ధి అందులో ఒకటి. జీవనోపాధి పెంచు పనులు మరియొకటి. అనగా మన మగ్గములకు సహాయపడుటకు చట్టమే త్రోవ చూపినది. ఇది ఒక యజమాని మనసు కరగి ఇచ్చు భిక్ష కాదు. శాసనము చేసిన పార్లమెంటు ప్రజలది. ఆ కంపెనీకి లాభము తెచ్చినది కొనుగోలుదారులు, పనివారు. కంపెనీ కట్టవలసిన సొమ్మునే కట్టుచు, తన ఇంట నుండి తెచ్చి పోసినట్లు బానరు కట్టుట “అత్త సొమ్ము అల్లుడు దానము” అన్న సామెతను జ్ఞాపకము చేయుచున్నది.

ఇందులో మన సంఘములు తప్పక తెలిసికొనవలసిన సంగతి ఇంకొకటి కలదు. 2021 జనవరిలో సవరించిన నిబంధనల ప్రకారము, తన సరకునకు లేక సేవకు మార్కెటులో లాభము పొందుటకై స్పాన్సరుగా నిలిచి కంపెనీ చేయు సహాయము సి.ఎస్.ఆర్. క్రింద లెక్కకు రాదు. ఈ నియమము మనకు బాగుగ ఉపయోగపడును. “అయ్యా, ఈ సొమ్ము మీ రెండు శాతములోనిదా, ప్రకటనల ఖర్చులోనిదా?” అని మనము మర్యాదగా అడుగవచ్చును. రెండు శాతములోనిదన్నచో, దానితో సరకు ప్రచారము కోరుటకు వారికి తావు లేదు. ప్రకటనల ఖర్చులోనిదన్నచో అది వ్యాపారము. వార్తాపత్రికలో ఒక మూల ప్రకటన వేయుటకే వారు రేటు కట్టి డబ్బు చెల్లింతురు. మన మగ్గము, మన ముఖము, మన ఊరి పేరు దానికన్న చౌక ఎందుకు కావలెను?

ఈ కలగూరగంప పద్ధతికి మొదట గట్టి దారి వేసినది అమెరికా. 1983లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ అను కంపెనీ, తన కార్డుతో ఎవరు ఏమి కొన్నను ఒక సెంటు, క్రొత్తగా కార్డు తీసికొన్న ఒక్కొక్కరికి ఒక డాలరు చొప్పున, న్యూయార్కు రేవులోని స్వేచ్ఛామూర్తి విగ్రహమును బాగుచేయుటకు ఇచ్చెదనని చాటినది. పదిహేడు లక్షల డాలర్లు పోగైనవి. ఆ సమయమున కార్డు వాడకము నాలుగింట ఒక వంతునకు మించి పెరిగినది. విగ్రహమునకు మేలు జరిగినది. కంపెనీకి అంతకన్న మేలు జరిగినది. అందు మోసము లేదు. కాని దానము ఎక్కడ ముగిసినదో, అమ్మకము ఎక్కడ మొదలైనదో గీత గీయుట నాటి నుండి కష్టమైనది.

ఆ గీత చెరగిపోయిన పిమ్మట ఏమగునో 1999లో ఫిలిప్ మోరిస్ అను సిగరెట్ల కంపెనీ చూపినది. ఆ సంవత్సరము అది దానధర్మములకు ఏడున్నర కోట్ల డాలర్లు ఇచ్చి, ఆ దానములను గురించి ప్రకటించుకొనుటకు పది కోట్ల డాలర్లతో ప్రచారము మొదలుపెట్టినది. అన్నము కన్న ఆకు వెల ఎక్కువైనది. నొప్పి మాత్రల వ్యాపారమున ధనము గడించిన శాక్లర్ కుటుంబము పేరు గొప్ప గొప్ప చిత్రశాలల గోడలకెక్కినది. ఆ మాత్రలకు బానిసలై జనులు మరణించిన సంగతి రచ్చకెక్కిన తరువాత, 2019లో పారిస్ నగరపు లూవ్ర్ మ్యూజియమును, 2021లో న్యూయార్కు నగరపు మెట్రోపాలిటన్ మ్యూజియమును ఆ పేరును తొలగించినవి. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్న సామెత సముద్రమునకు ఆవలి ఒడ్డున కూడ చెల్లునన్నమాట.

మన దేశమునకు వత్తము. 2018 ఏప్రిలులో డిల్లీ ఎర్రకోటలో సందర్శకుల సౌకర్యములు చూచు బాధ్యతను డాల్మియా భారత్ అను సిమెంటు కంపెనీ ఐదేండ్లకు ఇరువదియైదు కోట్ల రూపాయలతో చేపట్టుటకు కేంద్ర ప్రభుత్వముతో ఒప్పందము చేసికొన్నది. కడప జిల్లాలోని మన గండికోట కూడ ఆ కంపెనీ వంతుకే వచ్చినది. కోటను అమ్మివేసినారని కొందరు గోల చేసినారు. మరుగుదొడ్లు, త్రాగునీరు, దీపములు వంటి సౌకర్యముల కొరకే గాని కోట ఎవరికిని ఇయ్యలేదని ప్రభుత్వము జవాబు చెప్పినది. ఆ వాదమున ఎవరిది ఎంత నిజమన్నది అటుంచి, మనము నేర్చుకొనదగిన సంగతి ఒకటి ఉన్నది. అక్కడ కంపెనీ పేరు ఎక్కడ, ఎట్లు కనబడవలెనన్నది కాగితము మీద మాటలాడుకొనవలసిన విషయమైనది. ఎర్రకోటకు ఒప్పందము కావలసినపుడు, ఎర్రమట్టి గోడల నేతయింటికి అక్కరలేదా?

ఇక రెండవ ప్రశ్న: ఏమి ఇయ్యవలెనన్నది నిర్ణయించునదెవరు? మా అనుభవమున దీనికి జవాబు విచిత్రముగ ఉన్నది. నిర్ణయించునది దాతయు కాదు, నేతవాడును కాదు. కంపెనీ గుర్తే నిర్ణయించుచున్నది. దేనిమీద గుర్తు అచ్చువేయుటకు చోటు ఉన్నదో ఆ వస్తువే దానమునకు యోగ్యమగుచున్నది.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురము దగ్గర తీరము దాటినది. బరంపురమున మన ఇండ్లపై ఏమి జరిగినదో మేము వర్ణింపనక్కరలేదు. గుంట మగ్గము ఎరిగిన వారికి ఒక్క మాట చాలును: గుంటలోనికి నీరు దిగినది. పడుగు తడిసినది, పట్టు రంగు కారినది, అచ్చు పాడైనది, కఱ్ఱలు ఉబ్బినవి. ఆ తరువాత సహాయము వచ్చినది. బియ్యము వచ్చినది, మందులు వచ్చినవి. తెచ్చిన వారందరికి మేము నేటికిని కృతజ్ఞులము. దుప్పట్లు కూడ వచ్చినవి. మిల్లులో నేసిన దుప్పట్లు, మూలమూలల కంపెనీల పేర్లు అచ్చువేసినవి. బట్ట నేయువాని ఇంటికి మిల్లు బట్ట దానము! నేతవాడు కోరినది ఏమి? గుంట తోడి ఆరబెట్టుటకు నాలుగు దినముల కూలి, క్రొత్త అచ్చు, నూలు తెచ్చుకొనుటకు వడ్డీలేని కొంత అప్పు. ఇవి ఇచ్చిన కంపెనీని మేము చూడలేదు. ఎందుచేత? అప్పుకు గుర్తు అంటించుటకు వీలులేదు. ఆరిన గుంట ఫొటోలో అందముగ ఉండదు. పడుగుపోగు మీద పేరు వ్రాయలేరు.

సంచుల కథయు ఇంతియే. బడిపిల్లవాని వీపు రోడ్డుమీద నడచు ప్రకటన బల్ల. ఆ సంచికి ఖర్చు స్వల్పము; దాని మీది పేరు రెండేండ్లు ఊరంతయు తిరుగును. మా సంఘ సభ్యురాలు ఒకామె సభలో ఇట్లన్నది: “నా మనుమరాలు ఆ సంచి తగిలించుకొని పోతే దాన్ని పేరు పెట్టి ఎవరు పిలుస్తారు? ఉచితం సంచి పిల్ల అంటారు. దానికి పేరు నేను పెట్టాను, కంపెనీ పెట్టలేదు.” ఈ మాటకు మేము చేర్చవలసినది ఏమియు లేదు.

ఇక మూడవ ప్రశ్న: పేరు దేనిమీద? మనుష్యుని మీద వేయరాదని ఆమె చెప్పినది. బట్ట మీద వేయవచ్చునా అన్నది మా సంఘమునకు కార్యరూపముననే ఎదురైనది. ఒక కంపెనీ వారు మా మగ్గపు ఇండ్లకు సోలారు దీపములు ఉచితముగ పెట్టించెదమని వ్రాసినారు. దానికి బదులు మూడేండ్లపాటు మేము అమ్ము ప్రతి చీరకు వారి చీటీ ఉండవలెను; ఆ చీటీ మీద, చీర అమ్మినపుడెల్ల నేతవారి సంక్షేమమునకు ఇరువది రూపాయలు చేరునని ఉండును. కార్యవర్గము రెండుమార్లు కూడినది. మాలో పెద్దవారు ఒకరు లేచి, “బాబూ, సాయంత్రమైతే తెగిన పోగు కనబడక కళ్ళు పోతున్నాయి. దీపం మీద ఎవరి పేరుంటే నాకేమిటి?” అన్నారు. ఆయన మాటను తేలికగ త్రోసివేయుటకు ఎవరికిని నోరు రాలేదు. 2019–20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారము దేశమున ముప్పదియైదు లక్షలకు పైగా చేనేత పనివారు ఉన్నారు. నేత కుటుంబములలో మూడింట రెండు వంతులకు నెల ఆదాయము ఐదువేల రూపాయల లోపు. ఇట్టి స్థితిలో దీపము వద్దనుట అందరికి చెల్లు గొప్ప కాదు.

అయితే దీపము మీద పేరు వేరు, చీర మీద పేరు వేరు. దీపము వారిది, తమ పేరు వ్రాసికొనవచ్చును. చీర మనది. బరంపురం పట్టు అన్న పేరు ఏ కంపెనీయు ఇచ్చినది కాదు. కుంభపు అంచు నేసిన తరతరముల చేతులు దానిని సంపాదించినవి. అందుచేతనే బరంపురం పట్టుకును, కంచి పట్టుకును, మొలకాల్మూరు చీరకును, సోలాపూరు దుప్పటికిని ప్రభుత్వము భౌగోళిక గుర్తింపు ఇచ్చినది. మగ్గము మీద నేసినదని తెలుపుటకు 2006 నుండి హ్యాండ్లూమ్ మార్కు ఉన్నది. నేతవాని ఇంట బంగారము లేకపోవచ్చును. ఊరి పేరే వాని బంగారము. దానిని మూడేండ్లు కుదువబెట్టి దీపములు తెచ్చుకొనుమని ఆ ఉత్తరము చెప్పినది.

ఇరువది రూపాయల సంగతి కూడ చూడుడు. ఆ ఇరువది ఇచ్చునది చీర కొన్న అమ్మ. దాతగా పేరు పొందునది కంపెనీ. నేతవానికి అది చేరునాటికి ‘సంక్షేమము’ అని పేరు మార్చుకొని ఏ శిబిరముగనో, ఏ సభగనో వచ్చును. ఒక పట్టుచీర వెనుక నేసినవాని కష్టమొక్కటే కాదు, ఆసు పోసిన పెద్దవాని కష్టము, కండెలు చుట్టిన ఇల్లాలి కష్టము కూడ ఉన్నది. వారికి కావలసినది మజూరీ. మజూరీ పెంచుటకు మనసు లేనివారు దానము పెంచుటకు ముందుకు వచ్చినపుడు మనము నివ్వెరపోక ఆలోచింపవలెను. ఏలయన మజూరీ హక్కు, అడుగవచ్చును. దానము దయ, ఏనాడైన ఆగవచ్చును.

మేము ఆ కంపెనీకి ఇట్లు జవాబు వ్రాసితిమి: “దీపములు ఇచ్చినచో కృతజ్ఞులము. దీపముపై మీ పేరు ఉండవచ్చును. మా వార్షిక నివేదికలోను మీ పేరు వ్రాయుదుము. చీరపై చీటీ మాత్రము ఇయ్యజాలము. మీ ఉద్యోగులకు, అతిథులకు ఇచ్చుటకు చీరలు, శాలువలు కావలసినచో మా ధరకు, సగము బయానాతో నేసి ఇచ్చెదము.” నేటివరకు జవాబు లేదు. దీపములు రాలేదు. పైన చెప్పిన పెద్దలు ఇప్పటికిని సాయంత్రము ఐదు గంటలకే మగ్గము దిగుచున్నారు. ఈ నష్టమును మేము దాచిపెట్టము. అయినను కార్యవర్గము తన నిర్ణయము మార్చుకొనలేదు. సంఘపు పొదుపు నిధి నుండి ఈ సంవత్సరము కొన్ని ఇండ్లకైనను దీపములు అమర్చుటకు పూనుకొన్నాము.

బాకీదారుల దానమును గురించి కూడ ఒక మాట. 1905 ఆగస్టు 7 నాటి స్వదేశీ ఉద్యమమును తలచుకొని, 2015 నుండి ఆగస్టు 7ను జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు. అట్టి ఒక దినమున ఒక పెద్ద వస్త్రవ్యాపార సంస్థ మా సభ్యులను ఐదుగురిని వేదికపై కూర్చుండబెట్టి శాలువలు కప్పినది. ఆ శాలువలు మరమగ్గము మీద నేసినవి. ఆ దినమునకు ఆ సంస్థ మా సంఘమునకు ఏడు నెలల సరకు సొమ్ము బాకీ ఉన్నది. చిన్న ఉత్పత్తిదారులకు నలుబదియైదు దినములకు మించి బాకీ పెట్టరాదని 2006 నాటి చట్టము చెప్పుచున్నది. సకాలమున ఇచ్చిన బిల్లు సొమ్ము ఐదు శాలువల కన్న గొప్ప సన్మానము. బాకీ తీర్చనివాడు దానము చేయుట, పడుగు లేకుండ పేక త్రోయుట వంటిది.

“దరిద్రునికి ఇన్ని షరతులా?” అని కొందరు అందురు. తుపాను నాడు, జ్వరము నాడు షరతులు లేవు. ఆకలిగొన్నవానికి వచ్చిన బియ్యపు సంచి మీద ఎవరి పేరు ఉన్నను పుచ్చుకొనవలసినదే, నమస్కరింపవలసినదే. మేము చెప్పునది మామూలు దినముల మాట. ఆ దినములలో నేతవాడు దరిద్రుడే కావచ్చును గాని యాచకుడు కాడు. వాని దగ్గర అమ్మదగిన సరకు ఉన్నది, నిలుపుకొనదగిన పేరు ఉన్నది.

కావున సోదర సంఘముల పరిశీలనకు ఈ క్రింది నియమములు సూచించుచున్నాము.

1. సహాయము చేయవచ్చిన కంపెనీని, ఆ సొమ్ము సి.ఎస్.ఆర్. పద్దులోనిదా, ప్రకటనల పద్దులోనిదా అని వ్రాతమూలముగ అడుగవలెను. కంపెనీలు తాము ఆమోదించిన సి.ఎస్.ఆర్. పనుల వివరములు తమ వెబ్‌సైటున ప్రకటింపవలెనని నిబంధన ఉన్నది. చదువుకొన్న మన పిల్లలచేత వానిని చూపించుకొనవలెను.

2. మనకు ఏమి కావలెనో సర్వసభ్య సభలో ముందే తీర్మానించి, ఆ పట్టిక సిద్ధముగ ఉంచుకొనవలెను. నూలు కొనుటకు పెట్టుబడి, మగ్గపు మరమ్మతు, అచ్చులు, వైద్యబీమా వంటివి ముందు. గుర్తు వేయుటకు అనువైన వస్తువులు తరువాత.

3. దాత పేరును సంఘ కార్యాలయపు పలకమీద, నివేదికలో గౌరవముగ వ్రాయవచ్చును. మనుష్యుల ఒంటి మీద, బిడ్డల సంచుల మీద, మనము నేసిన బట్ట మీద వద్దు.

4. ఫొటోకు ఎవరి అనుమతి వారిదే. ఫొటో వద్దన్నవారికి సహాయము ఆపరాదు.

5. కంపెనీ తన చీటీతోనే మన బట్ట అమ్ముకొనదలచినచో అది వ్యాపారపు ఒప్పందము. ధర, బయానా, గడువు వ్రాసికొని చేయవలెను. ఊరి పేరు, హ్యాండ్లూమ్ మార్కు తొలగింపరాదు.

6. సంఘమునకు బాకీయున్న సంస్థ నుండి, బాకీ తీరువరకు సన్మానములు, బహుమతులు పుచ్చుకొనరాదు.

7. వచ్చిన ప్రతి సహాయమునకు లెక్క సభ్యుల ముందు చదువవలెను. పుచ్చుకొన్న మనము లెక్క చూపనిదే ఇచ్చినవారిని ప్రశ్నించుటకు అర్హులము కాము.

ఇవి దాతలను దూరము చేయు నియమములని మేము తలచము. మంచి మనసుతో వచ్చు కంపెనీలు కూడ ఉన్నవి. నేతవానికి ఏమి కావలెనో అడిగి తెలిసికొని, ఆ పని చేసి, ఒక చిన్న పలకతో తృప్తిపడువారికి ఈ నియమములలో ఒక్కటియు అడ్డు రాదు. అడ్డు వచ్చినచో అది దానము కాదని అప్పుడే తేలిపోవును. అంతవరకు ఈ నియమములు జల్లెడవలె పనిచేయును.

కర్ణాటక, తమిళనాడు, ఒడిషా, మహారాష్ట్ర, యానాములలోని సంఘములు ఈ విషయమును తమ కార్యవర్గములలో చర్చించి, తమకు ఎదురైన అనుభవములను, ఈ నియమములలో చేర్చవలసినవి, తీసివేయవలసినవి ఉన్నచో వానిని ఈ పత్రికకు వ్రాసి పంపవలెనని ప్రార్థించుచున్నాము. మా అభిప్రాయముతో ఏకీభవింపని వారి ఉత్తరములు మరింత అవసరము. ఒక సంఘము కాదన్న షరతును ప్రక్క ఊరి సంఘము ఒప్పుకొన్నచో కంపెనీకి నష్టము లేదు. నష్టము మన ఇద్దరిదే. అందరము ఒక మాట మీద నిలిచిననాడు, ఇచ్చువారే మన మాట అడిగి ఇత్తురు.